సపోర్టు అయిపోయిందా, లేదా?

పగలంతా క్లయింట్ల సర్వర్లకి ప్యాచ్‌లు వేసే ఉద్యోగం నాది. అలాంటి నేనే మా నాన్నగారికి తప్పు తేదీ చెప్పాను. ఆ ముచ్చటే ఈసారి.

2025 నవంబరులో ఓ ఆదివారం తెనాలి నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. "విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిందని పేపర్లో రాశారురా. మన కంప్యూటర్లో చూస్తే రోజూ ఏదో అప్‌డేట్ వస్తూనే ఉంది. ఏది నిజం?"

ఆయన పెన్షన్ చూసుకునేదీ, కరెంటు బిల్లు కట్టేదీ ఆ కంప్యూటర్ మీదే. నేనేమో ఇక్కడ న్యూజెర్సీలో నిద్ర కళ్ళతో గూగుల్ చేశాను. 2027 జనవరి అని కనబడగానే, "ఇంకా ఏడాది పైనే ఉంది నాన్నా, కంగారు పడకండి" అనేశాను.

నెల తర్వాత అనుమానం వచ్చి మళ్ళీ చదివాను. ఆ తేదీ 'ఎల్‌టీఎస్‌సీ 2021' అనే ఎడిషన్‌ది. ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో యంత్రాలు నడిపే కంప్యూటర్లలాంటి వాటి కోసం చేసింది. నాన్నగారిది హోమ్ ఎడిషన్. దానికి 2025 అక్టోబరు 14తోనే గడువు తీరింది.

మరి రోజూ వచ్చే ఆ అప్‌డేట్? అది డిఫెండర్‌ది. వైరస్‌ల జాబితాలు 2028 అక్టోబరు దాకా పంపుతామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంటే వాచ్‌మన్ చేతికి దొంగల ఫోటోలు కొత్తవి అందుతుంటాయి గానీ, విరిగిన తలుపు గడియ బాగుచేసేవాళ్ళు లేరన్నమాట!

ఈ తికమక కొత్తదేం కాదు. ఎక్స్‌పీ సంగతి గుర్తుందా? మెయిన్‌స్ట్రీమ్ సపోర్టు 2009 ఏప్రిల్ 14న ఆగింది. సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం 2014 ఏప్రిల్ 8 దాకా వచ్చాయి. అవైనా, మామూలు 32 బిట్ ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 3 వేసుకున్నవాళ్ళకే. ప్యాక్ 2 దగ్గర ఆగినవాళ్ళకి 2010 జులై 13తోనే సరి. ఒకే పేరున్న సరుకుకి మూడు తేదీలు!

అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు ముందు 'విన్‌వర్' అని టైప్ చేయించండి. ఏ ఎడిషనో, ఏ వెర్షనో అందులో కనబడుతుంది. ఆ రెండూ తెలిశాకే తేదీ వెతకండి. ఆ తేదీ సెక్యూరిటీ ప్యాచ్‌లదా, ఇంకోదానిదా అన్నది కూడా చూడండి.

నాన్నగారిది ఆఖరి వెర్షన్ 22హెచ్2 కావడం మా అదృష్టం. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగులు బ్యాకప్ పెట్టించి, పైసా ఖర్చు లేకుండా ఈఎస్‌యూ పథకంలో చేర్చాను. దాంతో 2026 అక్టోబరు 13 వరకు ప్యాచ్‌లు వస్తాయని చెప్పాను. ఈలోగా కొత్త కంప్యూటర్ కొనాలి.

నాన్నగారు డైరీలో రాసుకుంటూ అడిగారు: "ఈ తేదీ అయినా మన కంప్యూటర్‌దేనా?"