కంటికి గండి పడితే దాత పొరే అడ్డుకట్ట

ఏర్గట్ల: ఎర్రజొన్న కంకి కోస్తుంటే ఆకు కొస కంట్లో గీసుకుంటుంది. వడ్లు తూర్పార పడుతుంటే పొట్టు పడుతుంది. బోధన్ వైపు చెరకు కొట్టేవాళ్లకూ ఇదే తిప్పలు. కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంటే 'ఏం కాదు, రేపటికి తగ్గుతది' అని మళ్లీ పనిలో పడతాం. మరీ సలిపితే ఆకు పసరు పోసుకుంటాం, లేదంటే మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చుకుంటాం. ముప్పంతా ఇక్కడే ఉంది.

బూజు పట్టే పుండు

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. ఆకు గీసిన చోట బూజు నాటుకుంటే పుండవుతుంది. పసరుతో క్రిములు ఇంకా చేరతాయి. స్టెరాయిడ్ చుక్కలతో ఎరుపు తగ్గినట్టే ఉంటుంది గానీ లోపల బూజు రెచ్చిపోతుంది. బూజుకు నాటామైసిన్ వంటి మందులు వేరే ఉన్నాయి. పుండును గీకి పరీక్షించి డాక్టరే రాయాలి, వారాల తరబడి వేయాలి. ఆలస్యమైతే పొర కరిగి రంధ్రం పడుతుంది. అప్పుడు చూపే కాదు, గుడ్డే పోయే ప్రమాదం.

గ్లిజరిన్‌లో దాచిన పొర

చెరువు కట్టకు గండి పడితే ముందు ఇసుక బస్తాలు వేస్తాం, పక్కా మరమ్మతు తర్వాత చేస్తాం. కంటికీ అంతే. మరణించిన దాత నుంచి తీసిన కార్నియాను ఎం.కె. ద్రవంలో 4 డిగ్రీల చలిలో సుమారు 4 రోజులు నిల్వ చేయవచ్చు. ఇంకో రకం ద్రవంలో 14 రోజుల దాకా ఉంటుంది. గ్లిజరిన్‌లో వేస్తే నెలల తరబడి చెడదు.

కాకపోతే గ్లిజరిన్‌లో కణాలు చచ్చిపోతాయి. పొర లోపలి అంచు కణాలు మోటారులా నీటిని తోడేస్తుంటేనే కార్నియా తేటగా ఉంటుంది. అందుకే దాచిన పొర చూపునివ్వదు. కానీ రంధ్రాన్ని మూసి గుడ్డును నిలబెడుతుంది. పుండు మానాక తాజా కార్నియా వేసి చూపు కోసం ప్రయత్నించవచ్చు. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో నేత్రాల సేకరణ ఆగిపోయినప్పుడు ఇలా దాచిన పొరల విలువ మళ్లీ తెలిసొచ్చింది.

సున్నం పడ్డ కూలీతో మొదలు

కార్నియా మార్పిడి మనిషికి మొదటిసారి ఫలించింది 1905 డిసెంబరు 7న. నేటి చెక్ దేశంలోని ఓలొమౌట్స్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ చేశారు. చూపు వచ్చింది సున్నం పడి కళ్లు పోయిన ఓ కూలీకి. మన హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన రామాయమ్మ నేత్రనిధి 1989లో మొదలైంది. ఆ సంస్థ గోదావరి అవతల ముథోల్‌లో 1996లోనే గ్రామీణ కేంద్రం పెట్టింది.

ముసలి కళ్లు పనికిరావా?

'డెబ్బై ఏండ్ల కండ్లు ఎవరికి పనికొస్తయి' అని చాలామంది అంటారు. అది పొరపాటు. అద్దాలు పెట్టుకున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా ఇవ్వవచ్చు. చూపునివ్వలేని పొర కూడా ఇంకొకరి గుడ్డును కాపాడుతుంది. రేబిస్, ఎయిడ్స్, రక్త క్యాన్సర్ వంటి వాటితో పోయినవారివి మాత్రం తీసుకోరు.

ప్రాణం పోయిన 6 గంటల్లోపు కళ్లు తీయాలి. ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి. ఫ్యాను ఆపి తల కింద దిండు ఉంచాలి. 20 నిమిషాల్లో పని అయిపోతుంది, ముఖం వికారం కాదు. బతికుండగా రాసిచ్చినా చివరికి ఒప్పుకోవాల్సింది ఇంటివాళ్లే. కాబట్టి ఈ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంచాలి.

కోతకు పోయేటప్పుడు మామూలు కళ్లద్దాలైనా పెట్టుకోండి. కంట్లో ఏదైనా పడితే నలపకండి, శుభ్రమైన నీళ్లతో కడగండి. మరునాటికీ నొప్పి, ఎరుపు తగ్గకుంటే, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తే పని ఆపి కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఒకపూట కూలి పోతే మళ్లీ వస్తుంది. కన్ను పోతే రాదు.