35 ఎలో తేడా: అందులో ఇంజిన్‌ది ఎంత, గడియారానిది ఎంత?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే ఓ తెలుగు కుర్రాడు రాత్రి పడుకోబోతూ ల్యాప్‌టాప్‌లో తన చెస్ ఇంజిన్ పాత, కొత్త వెర్షన్లకు 100 ఆటల పోటీ పెట్టాడనుకుందాం. తెల్లారేసరికి కొత్తదానికి 30 గెలుపులు, 50 డ్రాలు, 20 ఓటములు. 55 శాతం స్కోరు, అంటే ఆట బలాన్ని కొలిచే ఎలో లెక్కలో దాదాపు 35 పాయింట్ల ఆధిక్యం. సంబరపడాల్సిందేనా? 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అసలు తేడా −13, +84ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కొత్తదే బలహీనం కూడా కావొచ్చు. సగం ఆటలు డ్రా అయ్యే పోటీలో ఈ అనిశ్చితిని ±5కి దించాలంటే సుమారు 10,000 ఆటలు ఆడించాలి.

అన్ని ఆటలంటే ఒక్కోటీ పొట్టిగా ఉండాలి, ఒకేసారి చాలా నడవాలి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌లో మార్పులను పరీక్షించే ఫిష్‌టెస్ట్‌లో తొలి దశలో ఒక్కో పక్షానికి ఆటకు 10 సెకన్లు, ఎత్తుకు అదనంగా 0.1 సెకను. చిక్కంతా ఇక్కడే.

2000లో వచ్చిన యూసీఐ పద్ధతిలో ఇంజిన్ తన ఎత్తును ఒక వాక్యంగా రాసి పంపుతుంది. పోటీ నడిపే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివాకే గడియారం ఆపుతుంది. 16 థ్రెడ్ల ల్యాప్‌టాప్‌లో 16 ఆటలు ఒకేసారి పెడితే ప్రాసెసర్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కే వంతు దొరకదు. పైగా విండోస్ టైమర్ మామూలుగా 15.6 మిల్లీసెకన్లకోసారి కొట్టుకుంటుంది. ఎత్తుకిచ్చే అదనపు సమయంలో అదే ఆరో వంతు. ఇంజిన్ సకాలంలో ఆడినా జెండా పడి, అంటే టైమ్ అయిపోయి, ఓడిపోవచ్చు. ఇలాంటి జాప్యం కోసమే స్టాక్‌ఫిష్‌లో ‘మూవ్ ఓవర్‌హెడ్’ అనే సెట్టింగ్ ఉంది, కానీ డిఫాల్ట్‌గా అందులో ఉండేది 10 మిల్లీసెకన్లే.

మన కుర్రాడి 30 గెలుపుల్లో ఐదు ఇలా వచ్చినవే అనుకోండి, లేకుంటే అవి డ్రాలు. అప్పుడు స్కోరు 52.5 శాతం, ఆధిక్యం 17 ఎలో. ఐదు ఆటలకే సగం ఆవిరి! ఫిష్‌టెస్ట్ 2024లో పోటీలు నడిపే సాఫ్ట్‌వేర్‌గా క్యూట్‌చెస్‌ను వదిలి ఫాస్ట్‌చెస్‌కు మారింది. వందలాది ఆటలు ఒకేసారి నడిచినా టైమ్ ఓటములు అరుదుగా ఉంటాయన్నది ఫాస్ట్‌చెస్‌కున్న పేరు.

ఎండ సంగతి వేరు. బెంగళూరు 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు చూసింది. ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గితే రెండు ఇంజిన్లకూ ఒకేలా దెబ్బ, అన్యాయమేమీ లేదు. కాకపోతే మధ్యాహ్నం ఆటలు అర్ధరాత్రి ఆటలంత లోతుగా సాగవు. ఫలితాల పట్టికలో ఆ తేడా కనిపించదు.

నిబంధనల దగ్గరా గొడవలే. 2003లో గ్రాజ్‌లో జరిగిన ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో, ష్రెడర్ అనే ఇంజిన్‌తో ఆటలో ఒకే స్థితి మూడోసారి వచ్చిందని, అంటే డ్రా కోరవచ్చని, జానీ అనే ఇంజిన్ తెరపై సందేశం కనిపించింది. జానీని నడుపుతున్న ఆపరేటర్ డ్రా కోరలేదు, జానీ ఓడిపోయింది. ష్రెడర్ ఆ తర్వాత ఫ్రిట్జ్ అనే మరో ఇంజిన్‌తో సమానమై, టైబ్రేక్‌లో టైటిల్ కొట్టేసింది. (యూసీఐని రూపొందించిన ఇద్దరిలో ఒకరు ష్రెడర్ రచయితే!) ఆ యూసీఐలో డ్రా కోరే ఆదేశం గానీ, ఫలితం చెప్పే ఆదేశం గానీ లేవు. అంటే తీర్పంతా సాఫ్ట్‌వేర్‌దే. అది 50 ఎత్తుల నిబంధన మరిస్తే డ్రా కావాల్సింది గెలుపైపోవచ్చు.

కాబట్టి కుర్రాడు ఎలో అంకె కంటే ముందు ఆటల రికార్డు ఉండే పీజీఎన్ ఫైలు తెరిచి ‘టైమ్ ఫర్‌ఫీట్’ అని వెతకాలి. ఒకటి రెండు మించి కనిపిస్తే, పోటీ నడిపే సాఫ్ట్‌వేర్‌కూ వంతు దొరికేలా ఒకేసారి ఆడించే ఆటలను 16 నుంచి 7కు తగ్గించి, ప్రతి ఓపెనింగ్‌నూ రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తూ మళ్లీ మొదలుపెట్టాలి.