బాపు అక్షరాలు ఎక్కడ వాడాలి?

శుభలేఖ తెరవగానే ముందు కంటబడేవి బాపుగారి అక్షరాలే. కుంచెతో గీసినట్టు లావుగా, కాస్త వాలుగా, చిలిపిగా ఉంటాయి. ఆయన 2014లో వెళ్లిపోయినా, ఆ చేతిరాత ఫాంటై శుభలేఖల మీద నిలిచే ఉంది.

మనామాలో మా ఉగాది కలయికకు ఆహ్వానం చేసే పని నాకు పడింది. ముచ్చటపడి మొత్తం అలాంటి అక్షరాలతోనే నింపేశాను. ఫోనులో చూసి మా అమ్మాయి 'ఉగాది వచ్చడి' అని చదివింది! తప్పు తనది కాదు. లావు అక్షరాన్ని చిన్నది చేస్తే 'ప'కూ తలకట్టుకూ మధ్య ఖాళీ పూడిపోయి 'వ'లా కనిపిస్తుంది. ఒత్తులు కూడా పై అక్షరానికి అతుక్కుపోతాయి.

అందుకే మళ్లీ చేశాను. 'ఉగాదికి రండి' అన్న రెండు మాటలే కుంచె అక్షరాల్లో, పెద్దగా పెట్టాను. తేదీ, వేళ, వంటకాలు మాత్రం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే 'మండలి'లో, వరుసల మధ్య ఖాళీ పెంచి రాశాను. ఇటాలిక్ మీట నొక్కి మామూలు ఫాంటును వంచలేదు. అలా వంచితే అక్షరం పక్కకు ఒరుగుతుందే తప్ప కుంచె ఊపు రాదు.

బడిలో ఇంగ్లీషు, అరబిక్ చదివే మన పిల్లలకు తెలుగు కనిపించేదే ఇలాంటి చోట్ల. ఈసారి మా అమ్మాయి ఆహ్వానమంతా తనే చదివి వాళ్ల నాన్నకు వినిపించింది.