చెరసాలలో ముఖాలు చదివినవాడు

పరాయి దేశానికి వెళ్లి పేరు తెచ్చుకున్న వాళ్లు బైబిల్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లలో యోసేపుది ప్రత్యేకమైన స్థానం. 17 ఏళ్ల వయసులో సొంత అన్నలే అతణ్ని 20 తులాల వెండికి వర్తకులకు అమ్మేశారు. ఐగుప్తులో దాసుడయ్యాడు. చేయని నేరానికి ఖైదీ అయ్యాడు. ఆ చెరసాలలో ఒక ఉదయం ఇద్దరు తోటి ఖైదీల ముఖాలు వాడిపోయి ఉండటం గమనించి, ఎందుకలా ఉన్నారని అడిగాడు (ఆది 40:6,7). తన కష్టమే కొండంత ఉన్నా ఎదుటివారి ముఖం చదివే తీరిక అతనికుంది. ఈనాడు మనం కౌన్సెలింగ్ అంటున్నది ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలవుతుంది.

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ‘బయటికి వెళ్లడం’ కొత్త ముచ్చటేమీ కాదు. 1970లలో గల్ఫ్‌లో చమురు సంపద పెరిగినప్పటి నుంచి బార్కాస్, చాంద్రాయణగుట్ట, శాలిబండ ఇళ్ల నుంచి ఎందరో జెద్దాకు, దుబాయ్‌కి, కువైట్‌కు వెళ్తూనే ఉన్నారు. ఇప్పుడు పాతబస్తీ ప్రార్థన కూటాల్లో కొత్త మనవి ఒకటి వినిపిస్తోంది. సైకాలజీలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. చేసిన పిల్లలు, ‘విదేశంలో కౌన్సెలర్ ఉద్యోగం, కంపెనీయే స్పాన్సర్ చేసే వీసా దొరకాలని ప్రార్థించండి’ అంటున్నారు. మేము ప్రార్థిస్తున్నాం. అయితే మోకాళ్లూనడంతో పాటు కొన్ని నిజాలు తెలుసుకోవడం కూడా అవసరం.

మొదటి నిజం, వీసా కన్నా ముందు అర్హత. నర్సుకు, డాక్టరుకు ఉన్నట్టే చాలాచోట్ల కౌన్సెలర్‌కూ లైసెన్స్ ఉంటుంది. అమెరికాలో ఏ రాష్ట్రం లైసెన్స్ ఆ రాష్ట్రానిదే. 60 క్రెడిట్ల మాస్టర్స్ డిగ్రీ, ఆపై అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 2000 నుంచి 4000 గంటల పని, ఒక పరీక్ష అనేవి ఎక్కువ రాష్ట్రాలు అడిగేవి. అందుకే చాలామంది అక్కడే మళ్లీ చదువుతో మొదలుపెడతారు. హెచ్-1బీ వీసాలకు ఏటా 85,000 కోటా ఉంది. 2025 సెప్టెంబర్‌లో విదేశాల నుంచి కొత్తగా రప్పించే వారికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రం అంత భారం మోస్తుందా?

బ్రిటన్ సంగతి వేరు. అక్కడ ‘కౌన్సెలర్’ అన్న పేరుకు చట్టం కాపలా లేదు. ‘క్లినికల్ సైకాలజిస్ట్’, ‘కౌన్సెలింగ్ సైకాలజిస్ట్’ అనిపించుకోవాలంటే మాత్రం హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదు తప్పదు. పేరుకు అడ్డు లేదు గనుక ఉద్యోగం తేలిక అనుకుంటే పొరపాటే. బీఏసీపీ లాంటి వృత్తి సంఘాల సభ్యత్వాన్ని యజమానులు అడుగుతారు. 2025 జూలైలో స్కిల్డ్ వర్కర్ వీసాకు కొన్ని మినహాయింపులు పోను డిగ్రీ స్థాయి ఉద్యోగమే కావాలన్నారు. సాధారణ వేతన పరిమితిని ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచారు. కెనడాలోని ఒంటారియోలో 2015 నుంచి సైకోథెరపిస్టులకు ప్రత్యేక నియంత్రణ మండలి ఉంది. దుబాయ్‌లో సైకాలజిస్టుకు అక్కడి ఆరోగ్య శాఖ లైసెన్స్ కావాలి. మన దేశంలో కూడా క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు కావాలి.

ఇక్కడ మన సంఘాలకు ఒక మాట. బైబిల్ కళాశాలలు ఇచ్చే క్రైస్తవ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ సేవకు ఎంతో మంచిది. కాని అది లైసెన్స్ కాదు. అమెరికాలో మతసేవకులకు ఆర్-1 అనే వీసా ఉంది. ఆ సంఘ శాఖలో కనీసం 2 ఏళ్ల సభ్యత్వం ఉన్నవారికి, గరిష్ఠంగా 5 ఏళ్ల వరకు ఇస్తారు. సంఘసేవ పేరుతో ఆ వీసా తీసుకుని మరొకరి క్లినిక్‌లో ఉద్యోగం చేయడం చట్టరీత్యా తప్పు, దేవుని ఎదుట అబద్ధం. పోతీఫరు ఇంట్లో ఎవరూ చూడని చోట కూడా యోసేపు నిజాయితీని వదులుకోలేదు. వీసా ఫారం నింపేటప్పుడు కూడా మనల్ని ఎవరూ చూడరు.

రెండో నిజం, మధ్యవర్తులు. యోసేపును అమ్మినవాళ్లు పరాయివాళ్లు కారు. నేడూ అంతే. తెలిసినవాడు, ఒకే బస్తీవాడు, కొన్నిసార్లు ఒకే సంఘంవాడు ‘ఉద్యోగం రెడీగా ఉంది, పైసలు కట్టండి’ అంటాడు. ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకడు 2024లో ఉక్రెయిన్ యుద్ధరంగంలో ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి మనం మరచిపోలేదు. మా ప్రార్థన కూటానికి వచ్చే ఒక చెల్లెమ్మను కూడా బ్రిటన్‌లో కౌన్సెలర్ పని ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి 4 లక్షలు అడిగాడు. వాళ్ల నాన్న నగలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడు. స్పాన్సర్ చేసేందుకు అనుమతి ఉన్న యజమానుల జాబితాను బ్రిటన్ ప్రభుత్వం అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచుతుంది. అందులో వెతికితే ఆ కంపెనీ పేరే లేదు. నగలు ఇంట్లోనే ఉన్నాయి.

మన చట్టమూ అండగా ఉంది. 1983 వలసల చట్టం ప్రకారం నమోదైన ఏజెంట్లే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలి. వాళ్లు అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంటుకు నమోదు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’లో చూడవచ్చు. ఇంతపాటి విచారణ విశ్వాసానికి వ్యతిరేకం కాదు. పావురాల్లా నిష్కపటంగా ఉండమన్న ప్రభువే పాముల్లా వివేకంగానూ ఉండమన్నాడు.

మూడో నిజం, భాష. కరువులో ధాన్యం కోసం అన్నలు ఐగుప్తుకు వచ్చినప్పుడు యోసేపు వాళ్లతో ద్విభాషి ద్వారా మాట్లాడాడు. కాని వాళ్లు తమలో తాము సొంత భాషలో పశ్చాత్తాపపడటం విన్నాక పక్కకు వెళ్లి ఏడ్చాడు (ఆది 42:23,24). ఐగుప్తు భాషలో అధికారం చేసినవాడికి కన్నీళ్లు మాత్రం తల్లి భాషలోనే వచ్చాయి. గాయపడిన మనసు ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటుంది. ఇంగ్లిష్ పరీక్షలో మార్కులు కావాల్సిందే. అయితే తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ పాతబస్తీ గల్లీల్లోనే నేర్చుకున్న కౌన్సెలర్ దగ్గర ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని వరం ఒకటుంది. దుబాయ్ లేబర్ క్యాంపులో నిద్రపట్టని కరీంనగర్ కార్మికుడు తన బాధను ఇంగ్లిష్‌లో చెప్పుకోలేడు గదా!

ఆ వరం ఇక్కడా అవసరమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మంది మానసిక రుగ్మతలతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కేంద్రం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి-మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఫోన్ ఎత్తడానికీ శిక్షణ పొందిన మనుషులే కావాలి. 1990 డిసెంబర్ అల్లర్లలో పాతబస్తీ రక్తసిక్తమైనప్పుడు, ప్రొటెస్టెంట్ సంఘాల అండతో నడిచే హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ సుల్తాన్ షాహీకి వెళ్లి ‘అమన్ శాంతి’ పేరిట హిందూ ముస్లిం కుటుంబాల మధ్య పనిచేసింది. ఉర్దూలో అమన్ అన్నా తెలుగులో శాంతి అన్నా ఒక్కటే. భయపడినవాళ్ల పక్కన కూర్చోవడానికి వాళ్లకు వీసా అవసరం రాలేదు.

విదేశం వెళ్లొద్దని మేము చెప్పడం లేదు. యోసేపును ఐగుప్తుకు నడిపించిన దేవుడు మన పిల్లలను మాంచెస్టర్‌కో టొరంటోకో నడిపించగలడు. కాని ఒకటి గమనించండి. పానదాయకుడు విడుదలయ్యాక యోసేపును మరచిపోయాడు. మరో 2 ఏళ్లు గడిచాయి. ఫరో ఎదుట నిలిచేసరికి అతనికి 30 ఏళ్లు. అంటే ఇంటి నుంచి బయల్దేరాక 13 ఏళ్లు. ఆ ఏళ్లన్నీ వృథా పోలేదు. రాజు కలకు అర్థం చెప్పిన ఆ నోరు అంతకుముందే ఖైదీల కలలకు అర్థం చెప్పింది.

మన పిల్లలకు లైసెన్స్ కోసం ఏళ్లు పట్టవచ్చు, స్పాన్సర్ లేఖ ఆలస్యం కావచ్చు. ఈలోగా పక్కింట్లో, కొడుకు గల్ఫ్‌లో ఉన్న ఒక తల్లి ముఖం ఈ ఉదయం వాడిపోయి ఉంది. ఎందుకలా ఉన్నారని అడిగేవారు ఆమెకు కావాలి. దేశం దాటించే తలుపు దేవుడు ఎప్పుడు తెరుస్తాడో ఆయన ఇష్టం. ఆమె తలుపు మాత్రం ఈరోజే తట్టవచ్చు.