విమానశాలయు, దివిసీమ యువకులును

2025 మే 2వ తేదీన అమరావతి సభనుండి ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు నాగాయలంక క్షిపణి పరీక్షాకేంద్రమునకు శంకుస్థాపన గావించిరి. సుమారు 1,460 కోట్ల రూపాయల పని యది. ప్రయోగస్థలము, రాడారులు, సూక్ష్మ పరిశీలన సాధనములు అందు వెలయవలసియున్నవి. దేశరక్షణకై దివిసీమ తన తీరము నిచ్చినది. ఆ తీరవాసుల చేతుల కే పని దొరకుననునదియే మా ప్రశ్న. కాపలా కాయుటతోను, కంకర మోయుటతోను దివిసీమ యువకుడు తృప్తిపడవలసినదేనా?

విమానము నడుపువానికి గల కీర్తి దానిని బాగుచేయువానికి లేదు. అయినను చరిత్ర పరికింపుడు. 1932లో తాతావారు టపా విమానములను నడుప నారంభించినపుడు జుహూలో వారికున్న విమానశాల ఆకులు కప్పిన పాక. రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు సేనలు లిబరేటరు బాంబరులను పాడుచేసి కాన్పూరున వదలిపోయినవి. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివారు వానిని ఎగురుటకు తగినంత బాగుచేసి, బెంగుళూరునకు చేర్చి, అచట పునరుద్ధరించిరి. ఆ యేటి నవంబరులో మన వైమానికదళపు 5వ స్క్వాడ్రను ఆ విమానములతోనే ఏర్పడెను. పరులు తుక్కని విడిచినది మనవారి చేతిలో ఆయుధమాయెను!

ఖాళీ విమానశాలను కర్మశాలగ మార్చుట గోడలకు సున్నము వేసి బోర్డు కట్టుట కాదు. జాకీల బరువునకు క్రుంగనిదియు, నూనె పీల్చనిదియు, ధూళి లేవనిదియు నగు నేల కావలెను. నీడలు పడని వెలుతురు, పీడనవాయువు, విద్యుత్తు, అగ్నిశామక సాధనములు ఉండవలెను. మంచి భాగములును, తిరస్కరించిన భాగములును ఒకే గదిలో నుండరాదు. పనిముట్లను లెక్కించియే తలుపు మూయవలెను. రెక్కలో మరచిన ఒక్క పానా ఎందరి ప్రాణములకో ముప్పు. ఉప్పుగాలి లోహమును తినివేయునని దివి జాలరికి ఎవరును చెప్పనక్కరలేదు. ఈ నేర్పు డబ్బిచ్చి కొనితెచ్చు యంత్రములతో రాదు, అభ్యాసముతో వచ్చును.

పని మన వాకిటికి వచ్చియున్నది. విమాన మరమ్మతులపై పన్ను 2020లో నూటికి 18 నుండి 5కు తగ్గెను. శంషాబాదు చెంత 2025 నవంబరు 26న సఫ్రాన్ వారి ఇంజను కర్మశాల ప్రారంభమైనది. 2035 నాటికి ఏటా 300 ఇంజనులను బాగుచేయుట దాని లక్ష్యము. వేయిమందికి పైగా పనివారు కావలసియుందురు. వారిలో దివిసీమ బిడ్డ లెందరు?

కావున మేము కోరున దిది. కృష్ణా తీరమున వాడుకలేని ప్రభుత్వ గిడ్డంగి నొకదానిని ఎంచి, దానిని శిక్షణ కర్మశాలగ తీర్చిదిద్దవలెను. విరమించిన విమాన మొకటి, విప్పి కూర్చుటకు ఇంజను ఒకటి, అనుమతిపత్రము గల గురువులు చాలును. ఇంటరులో భౌతిక, రసాయన, గణితములు చదివిన పిల్లలకు పౌరవిమానయాన శాఖ నిబంధనల మేరకు శిక్షణ మొసగవలెను. తీరగ్రామముల జాలరి కుటుంబములకు అందు ప్రథమస్థాన మీయవలెను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సర్వమును కోల్పోయి మరల నిలిచిన సీమ యిది. అది భిక్ష కోరుటలేదు. పని నేర్పుడని కోరుచున్నది. క్షిపణి నింగి కెగయు నాటికి, దాని క్రింద నిలిచిన యువకుని చేతిలో పానా ఉండవలెను. ప్రభుత్వము ఈ విషయమున కాలయాపన చేయక పూనుకొనునుగాక!