ఫెడరరు చెప్పిన లెక్క

2024వ సంవత్సరము జూన్ 9వ తేదీన అమెరికా దేశమందలి డార్ట్‌మత్ కళాశాలలో స్నాతకోత్సవము జరిగెను. ఆనాడు పట్టభద్రుల నుద్దేశించి ప్రసంగించినవాడు శాస్త్రవేత్త కాడు, రాజనీతిజ్ఞుడును కాడు. పదునాఱవ యేట బడి విడిచి, రాకెట్టు చేతబట్టిన టెన్నిసు ఆటగాడు. స్విట్జర్లాండు దేశమున బాసెల్ నగరమందు 1981లో జన్మించిన రోజరు ఫెడరరు అతడు. గ్రాండ్‌స్లామ్ అను మహాపోటీలలో ఇరువదిమారులు విజేతయైనవాడు. అందు ఎనిమిది వింబుల్డన్ మైదానముననే గెలిచినవి.

అంతటివాడు తన విజయగాథలు వినిపించునని సభవారు తలచియుందురు. అతడు వినిపించినది యొక లెక్క. తన జీవితమున 1,526 సింగిల్సు పోటీలాడితిననియు, అందు నూటికి దాదాపు ఎనుబది గెలిచితిననియు చెప్పెను. పిమ్మట, ఆ పోటీలన్నింటిలో ఆడిన పాయింట్లలో తాను గెలిచినవి నూటికి ఎన్నియో ఊహింపుడని యడిగెను. అవి 54 మాత్రమే.

టెన్నిసు లెక్కించు పద్ధతి తెలిసినచో ఈ వింత తేటపడును. బంతి ఆటలోనికి వచ్చినది మొదలు, ఎవరో యొకరు తప్పుచేయువఱకో అందుకొనలేకపోవువఱకో సాగినది ఒక పాయింటు. కనీసము నాలుగు పాయింట్లు గెలిచి, ఎదుటివానికంటె రెండు మిగులు చూపినవానిది గేము. ఇట్టి గేములు ఆఱు గెలిచినచో సాధారణముగా ఒక సెట్టు. మహాపోటీలలో పురుషులు ఐదు సెట్లలో మూడింటిని గెలువవలెను. పాయింటునందు గోరంతయున్న మేలు గేమునందు కొంత, సెట్టునందు మఱికొంత పెరిగి, పోటీ ముగియునప్పటికి కొండంత యగుచున్నది.

కాని ఆ లెక్కకు రెండవ ముఖము కలదు. ప్రపంచమున మొదటివాడని పేరొందిన యాటగాడు నూటికి నలువదియాఱు పాయింట్లు పోగొట్టుకొనెను. పోయిన ప్రతి బంతికిని విచారించుచు కూర్చున్నచో రానున్న బంతి కంటికి కనబడదు. ఆడుచున్నంతసేపు ఆ పాయింటే సర్వస్వమనియు, ముగిసిన వెంటనే అది గతించినదనియు తలపవలెనని అతడు బోధించెను. ఈ రెంటిని ఒక్క మనస్సున ఇముడ్చుకొనుట వినుటకు సులభమే గాని, చేయుట కష్టము.

ఫెడరరునకును అది పుట్టుకతో వచ్చినది కాదు. బాల్యమున అతనికి కోపము మెండు. బంతి తప్పినచో తన్ను తానే తిట్టుకొనుచు రాకెట్టు విసరివేయుచుండెను. తల్లిదండ్రులును శిక్షకులును మందలించిరి. ఒకమారు ఇటలీ పోటీల సందర్భమున ఒక ప్రత్యర్థి, మొదటి రెండు గంటలు గెలుపు ఫెడరరు పక్షమున నుండుననియు, ఆ పిమ్మట తన పక్షమునకు వచ్చుననియు బహిరంగముగానే పలికెను. ఆ మాట భావము ఫెడరరునకు వెంటనే బోధపడలేదు. కొంతకాలమునకు తెలిసినది: మొదటి రెండు గంటలు బలముగా నున్నప్పుడు ఎవరైనను చక్కగా ఆడుదురు, కాళ్లు వణకి, మనస్సు చెదరినప్పుడు నిలుచుటయే నిజమైన పరీక్ష. పగవాని నోటినుండి వచ్చిన హితవాక్యమును గ్రహింపగలిగినవారు అరుదు. నాటినుండి అతడు సాధన హెచ్చించెను. అతని యాట చూచినవారు శ్రమయే లేదని మెచ్చుకొనుచుండిరి. ఆ మెప్పు అతనికి రుచింపలేదు. ఎవరును చూడనివేళ, పోటీలకు ముందే, ఆ చెమట కారియుండెను.

ఆత్మవిశ్వాసమును ఆర్జింపవలెనని అతని మాట. అతనికి అది గట్టిగా కుదిరినది 2003లో. ఆ యేడు అమెరికాలోని హ్యూస్టన్ నగరమున ఎనమండుగురు మేటి ఆటగాండ్రకు మాత్రమే ప్రవేశమున్న పోటీ జరిగెను. అంతవఱకు అతడు ఎదుటివాని బలమును తప్పించుకొని, బలహీనమైన వైపునకే బంతి కొట్టుచుండెడివాడు. అక్కడ ఆ పద్ధతి విడిచి, వారి బలము మీదికే బంతి పంపి గెలిచెను.

అట్లు ఆర్జించిన ధనమైనను శాశ్వతముగా నిలువదు. 2008లో పారిస్ నగరమున స్పెయిను దేశీయుడగు రఫేలు నాదలు అతనిని మూడు సెట్లలోను కలిపి నాలుగే గేములిచ్చి ఓడించెను. కొన్ని వారములకే వింబుల్డన్ తుదిపోటీలో మరల నాదలే యెదురుపడెను. అచ్చట ఫెడరరు వరుసగా ఐదేండ్లు విజేత. అయినను వలకు ఆవల నాదలును చూచినంతనే పారిస్ పరాభవము జ్ఞప్తికి వచ్చెననియు, మొదటి పాయింటుననే తాను ఓడితిననియు అతడు తరువాత తలపోసెను. తాను ఐదుమారుల విజేతనని గుర్తు వచ్చునప్పటికి రెండు సెట్లు పోయినవి. పిదప రెండు సెట్లు గెలిచి సమము చేసెను గాని, 4 గంటల 48 నిమిషముల పోరాటమైన పిమ్మట, చీకటి పడుచుండగా, ఐదవ సెట్టు 9–7 తో నాదలునకు దక్కెను.

2019లో అదే మైదానమున మఱింత విచిత్రము జరిగెను. సెర్బియా దేశీయుడగు నోవాక్ జొకోవిచ్‌తో ఆడిన తుదిపోటీలో ఫెడరరు గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్ గెలిచినవి 204. ఐదవ సెట్టున 8–7 తో ముందుండి, తన సర్వీసులోనే, ఒక్క పాయింటు గెలిచిన చాలునన్న అవకాశము ఫెడరరునకు రెండుమారులు వచ్చెను. ఆ రెండును చేజారినవి. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఓడెను, తక్కువ గెలిచినవాడు బహుమానమందుకొనెను. నూటికి 54 అను లెక్క వేలకొలది బంతులమీద నిజమే గాని, ఏ యొక్క దినమునకును పూచీపడదు. ఆత్మవిశ్వాసమనగా గెలుతునను నిశ్చయమని భావించువారు ఈ పోటీని గూర్చి యోచింపదగును.

మోకాలి శస్త్రచికిత్సలైన పిమ్మట, 2022 సెప్టెంబరు 23వ తేదీన లండన్ నగరమున అతడు కడపటి పోటీ ఆడెను. అది డబుల్సు ఆట. అతని ప్రక్కన జతగాడుగా నిలిచినవాడు ఆ నాదలే. వారిద్దఱును ఆ రాత్రి ఇరువురు అమెరికా యువకుల చేతిలో ఓడిరి. ఆట ముగిసిన పిదప ఫెడరరు కన్నీరు కార్చుచు కూర్చుండగా, ప్రక్కనే నాదలును ఏడ్చుచుండెను.