ఫలితాలు రాకముందే పీజీ సీటుకు డిపాజిట్ కట్టేవారికి



మన బెంగళూరులో చాలా కాలేజీలు డిగ్రీ ఫలితాలు రాకముందే పీజీ సీట్లు ఇచ్చేస్తాయి. దీనినే ప్రొవిజనల్ అడ్మిషన్ అంటారు. ఇందులో తప్పేమీ లేదు. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం వంటి సంస్థ కూడా ఆఖరి సంవత్సరం విద్యార్థులను షరతు మీద చేర్చుకుంటుంది. చిక్కంతా డిపాజిట్ దగ్గరే. వారంలోగా కట్టమంటారు, ఫలితం రెండు మూడు నెలలకు గాని రాదు.

2009లో మా చిన్నవాడి ఎం.కాం. సీటుకు ఎఫ్‌డీ గడువుకు ముందే తీసి రూ.25,000 కట్టాను. తరగతులు మొదలయ్యాక ఫలితం వచ్చింది, ఒక పేపరు పోయింది. ఆఫీసుకు మూడుసార్లు తిరిగి నోటిమాటగా అడిగాను. చూద్దాం అన్నారు, అంతే. కౌంటరులో కూర్చుని ఇరవై ఏళ్ళుగా అందరికీ "దరఖాస్తు రాసివ్వండి" అని చెప్పినవాణ్ణి, నా పనికి వచ్చేసరికి ఒక్క కాగితం రాయలేదు! ఫీజు వాపసు గురించి యూజీసీ 2007 ఏప్రిల్‌లోనే ప్రకటన ఇచ్చిందని తరువాత తెలిసింది.

2018 అక్టోబరులో యూజీసీ ఇంకా వివరంగా చెప్పింది. అడ్మిషన్లకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే సీటు వదులుకుంటే మొత్తం ఫీజు ఇవ్వాలి. ఖర్చుల కింద 5 శాతం, అదీ రూ.5,000 మించకుండా పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల లోపలికి వస్తే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80, ఆపైన 30 రోజుల వరకు 50. అది కూడా దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం పూర్తిగా ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి, అట్టే పెట్టుకోకూడదు.

ఈ లెక్క మీ ఫలితం వచ్చిన రోజు నుంచి కాదని దయచేసి గమనించండి. ఫలితం ఆలస్యమైతే నష్టం మనదే. కనుక పేపరు పోతుందని గట్టి అనుమానం ఉంటే ఫలితం కోసం ఆగకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఏటా కొత్త ఉత్తర్వు ఉందేమో కూడా చూసుకోవాలి. 2024-25కు సెప్టెంబరు 30 వరకు పూర్తి వాపసు, అక్టోబరు 31 వరకు రూ.1,000 మించని కోతతో వాపసు ఇవ్వాలని యూజీసీ విడిగా చెప్పింది. పీజీడీఎం వంటి ఏఐసీటీఈ కోర్సుల నియమాలు వేరు.

కట్టేముందు కాలేజీవారిని రెండు సంగతులు అడగండి: అడ్మిషన్లకు చివరి తేదీ ఏది? మార్కుల జాబితా ఎప్పటిలోగా ఇవ్వాలి? జవాబు ప్రాస్పెక్టస్‌లోనో, ఉత్తరంలోనో చూపించమనండి. నగదుగా కట్టవద్దు. రసీదులో ఎంత ట్యూషన్ ఫీజో, ఎంత కాషన్ డిపాజిట్టో విడివిడిగా రాయించుకోండి.

అడ్మిషన్ ఉత్తరం లేనిదే బ్యాంకు విద్యారుణం మంజూరు కాదు. మన ట్రస్టు స్కాలర్‌షిప్‌కూ మార్కుల జాబితా కావాలి. అంటే ఈ మొదటి సొమ్ము చేతి నుంచే పెట్టుకోవాలి. నగలు తనఖా పెట్టే ముందు ఒక ఆదివారం ఉదయం ట్రస్టు ఆఫీసుకు రండి, నేను ఉంటాను. ఫారం వెనుకవైపు కూడా జిరాక్సు తీయించి తీసుకురండి, షరతులన్నీ అక్కడే ఉంటాయి.